తీస్ హజారీ నుంచి తక్లాకోట్ దాకా

జూన్ వచ్చిందంటే కరోల్ బాగ్‌లో మా డాబా మీద ఉన్ని బట్టలు ఆరేవి. బయట వడగాలి, నలభై నాలుగు డిగ్రీల ఎండ. పక్కింటి పంజాబీ ఆవిడ మొదట్లో వింతగా చూసేది. తర్వాత అలవాటు పడిపోయి, "కైలాస్ వాలే ఆ గయే క్యా?" అని పిట్టగోడ మీంచి పలకరించేది.

మా మంచం కింద ఒక పెద్ద ట్రంకు పెట్టె ఉండేది. అందులో మంకీ క్యాపులు, చేతి తొడుగులు, డక్‌బ్యాక్ వానకోట్లు, ఫ్లాస్కులు, టార్చిలైట్లు, నైలాన్ తాడు చుట్టలు, హంటర్ బూట్లు. ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు. ఒక ఏడాది వెళ్లొచ్చినవాళ్లు ఉతికి పెట్టిపోతే మరుసటి ఏడాది వెళ్లేవాళ్లు తీసుకునేవాళ్లు. తాము కొత్తగా కొన్నదేదో ఒకటి అందులో వేసి పోవడం మర్యాద. అలాంటి పెట్టెలు ఆర్.కె. పురంలో ఒక ఇంట్లోనూ, జనక్‌పురిలో ఒక ఇంట్లోనూ కూడా ఉండేవి. నెల్లూరు నుంచో నిజామాబాద్ నుంచో వచ్చినవాళ్ల దగ్గర శాలువాకు మించి ఏముంటుంది? ఇక్కడ కొందామంటే జూన్‌లో ఢిల్లీ కొట్లలో స్వెట్టర్లన్నీ గోదాముల్లోకి వెళ్లిపోయి ఉంటాయి. అందుకని ఏపీ ఎక్స్‌ప్రెస్ దిగిన హైదరాబాద్ వాళ్లూ, జీటీ దిగిన బెజవాడ వాళ్లూ ఎవరో ఇచ్చిన చిరునామా పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవాళ్లు. స్నానం, భోజనం, పెట్టె తెరవడం. బూట్లు సరిపోకపోతే జనక్‌పురి పెట్టెకు ఫోన్.

కైలాస మానస సరోవరాలకు ప్రభుత్వం పంపే యాత్ర సంగతి నేను చెబుతున్నది. 1954లో చైనాతో చేసుకున్న ఒప్పందం మన యాత్రికులు టిబెట్‌లోకి వెళ్లడానికి వీలు కల్పించింది. 1962లో దాని గడువూ తీరింది, యుద్ధమూ వచ్చిపడింది. దాదాపు ఇరవై ఏళ్లు ఆ దారి మూతబడింది. 1981 జూన్‌లో చైనా విదేశాంగ మంత్రి హువాంగ్ హువా ఢిల్లీ వచ్చినప్పుడు మళ్లీ తెరవడానికి మాట కుదిరింది. అప్పుడు మన విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు గారు. ఈ మాట ఢిల్లీ తెలుగువాళ్లు ఎంత గర్వంగా చెప్పుకునేవాళ్లో! ఆ సెప్టెంబరులోనే సుబ్రహ్మణ్యస్వామి ముందు నడవగా తొలి జట్టు లిపులేఖ్ కనుమ దాటింది.

పేపర్లో ప్రకటన చూసి దరఖాస్తు పంపడం, లాటరీ తీశాక టెలిగ్రాం కోసం ఎదురుచూడటం, అదొక తపస్సు. పేరు వస్తే మూడు సంస్థల చేతుల్లో పడ్డట్టే. జట్టు కట్టి చైనా వాళ్లతో మాట్లాడేది విదేశాంగ శాఖ. సరిహద్దు దాకా తిండీ బసా చూసేది కుమావూ మండల్ వికాస్ నిగమ్. డాక్టరునీ రక్షణనీ ఇచ్చేది ఐటీబీపీ. అప్పట్లో జట్టుకు గరిష్ఠంగా అరవై మంది. నడిపించడానికి ఒక ప్రభుత్వాధికారి, లైజాన్ ఆఫీసరు. అందరూ ఆయన్ని ఎల్వో సాబ్ అనేవాళ్లు.

ఏళ్ల తరబడి ఊళ్లోవాళ్లకు పెట్టె తెరిచిన నాకు, 2000 దాటాక ఒక ఏడాది నా పేరు మీదే టెలిగ్రాం వచ్చింది. ఇల్లు ఢిల్లీలోనే ఉన్నా జట్టుతోనే ఉందామని పరుపుచుట్ట పట్టుకుని సివిల్ లైన్స్‌లోని గుజరాతీ సమాజ్ భవనానికి వెళ్లాను. బయల్దేరేదాకా యాత్రికులకు బస అక్కడే. ఆడవాళ్లందరికీ ఒక హాలు. నా కుడి పక్కన సూరత్ నుంచి వచ్చిన వ్యాపారి భార్య, ఎడమ పక్కన కలకత్తా స్కూలు టీచరు, ఎదురుగా మైలాపూర్ మామి. రాత్రి పదింటికి లైటు తీస్తే నాలుగు భాషల్లో నాలుగు స్తోత్రాలు వినిపించేవి. తెలుగువాళ్లం కొద్దిమందిమే. విశాఖ రైల్వేలో పనిచేసే అబ్బాయిని మొదటి పూటే తమ్ముడూ అన్నాను. గుంటూరులో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన పెద్దాయన నన్ను అమ్మాయీ అన్నారు. ఆయన మాకు మాస్టారు. మూడో పూటకు మైలాపూర్ మామికి కూడా మాస్టారే.

ఆ మొదటి రోజుల్లో నా మనసులో బాగా నిలిచిపోయినది తీస్ హజారీ కోర్టు ఆవరణ. సివిల్ లైన్స్ నుంచి ఎంతో దూరం కాదు. స్టాంపు పేపర్ల మీద రాయించి, నోటరీ ముద్ర వేయించి విదేశాంగ శాఖకు ఇవ్వవలసిన కాగితాలు మూడు. నాకేం జరిగినా ప్రభుత్వానికి బాధ్యత లేదని ఒకటి. అవసరమైతే హెలికాప్టర్‌లో తరలించండి, ఖర్చు మాది అని రెండోది. మూడోది చైనా వైపు ప్రాణం పోతే దేహాన్ని అక్కడే దహనం చేయడానికి మాకు అభ్యంతరం లేదని. చెట్టు కింద రేకు బల్ల మీద టైపు మిషన్ పెట్టుకున్న ముసలాయన మమ్మల్ని చూడగానే "కైలాస్?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా కార్బన్ పేపర్లు సర్దాడు. ఏ వాక్యం తర్వాత ఏ వాక్యమో ఆయనకు కంఠతా వచ్చు. పేరు, తండ్రి పేరు, భర్త పేరు, వయసు, ఇంతే అడిగాడు. చివరి కాగితం మిషన్ లోంచి లాగి ఇస్తూ రెండు చేతులూ జోడించి, "మేరా భీ ప్రణామ్ కహనా" అన్నాడు.

సాక్షి సంతకం మా వారిది. కలం పట్టుకుని ఆ మూడో కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఇరవై ఏళ్లు ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్లు చూసిన మనిషి, ఒక్క పేజీకి అంతసేపు పట్టింది. సంతకం చేసి, బయట బండి దగ్గర నిమ్మకాయ నీళ్లు ఇప్పించారు. ఇద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని మా నాయనమ్మ అంటుండేది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి డేరాలతో, పెద్ద పరివారంతో కదిలినప్పుడు ఇంట్లోవాళ్లు ఎలా సాగనంపారో అని నాకు ఆ రోజు అనిపించింది. మాస్టారు మాత్రం తన కాగితాలు సంచిలో పెట్టుకుని, "రాసిచ్చేశాం కదమ్మాయీ, ఇక భయమెందుకు" అన్నారు. ఆ మాటతో నా గుండె నిజంగానే కుదుటపడింది.

మరునాడు వైద్య పరీక్షలు. తెల్లారకుండానే పరగడుపున బస్సెక్కించి పంచకుయియాఁ రోడ్డులోని ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తం, ఎక్స్‌రే, ఈసీజీ, ట్రెడ్‌మిల్. ఆ మర్నాడు ఊరికి దక్షిణాన తిగడీలో ఐటీబీపీ ఆసుపత్రి. రిపోర్టులు చూసి వెళ్లాలో వద్దో తేల్చేది అక్కడి డాక్టర్లు. నూట నలభై, తొంభై అనే రెండు అంకెలు అందరి నోటా అవే. కారిడార్లో జనం కళ్లు మూసుకుని దీర్ఘంగా ఊపిరి తీస్తున్నారు. బీపీ ఎక్కువ చూపించినవాళ్లను డాక్టరు గంటసేపు చల్లగా కూర్చోబెట్టి మళ్లీ చూసేవాడు. అప్పటికీ దిగకపోతే ఇంకోసారి. పంపించాలనే ఆయనకూ ఉంది. కానీ పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున మనిషి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగితే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

మా హాల్లోనే ఒకావిడ, రాజస్థాన్ నుంచి వచ్చినావిడ, ఆగిపోయింది. ఏళ్లుగా దరఖాస్తు పెడుతూ ఆ ఏడాదే పేరు వచ్చిన మనిషి. డాక్టరు ఆమె పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. రాత్రి ఆవిడ తన మూట విప్పి, తెచ్చుకున్న బాదంపప్పు, ఉన్ని మేజోళ్లు, కర్పూరం మా అందరి పడకల మీదా తలా కొంచెం పెట్టింది. కర్పూరం నాకు వచ్చింది. సరోవరం ఒడ్డున ఆమె పేరు చెప్పి వెలిగించాను.

పరీక్షల తర్వాత ఐటీబీపీ వాళ్ల పాఠం. నెమ్మదిగా నడవండి, నీళ్లు తాగుతూ ఉండండి, తలనొప్పి వస్తే దాచకండి. మాల్పా పేరు వాళ్లు ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా, ఆ గదిలో ప్రతి ఒక్కరి మనసులోనూ అదే ఉంది. 1998 ఆగస్టు 17 అర్ధరాత్రి దాటాక కాళీ నది ఒడ్డున మాల్పాలో కొండచరియ విరిగిపడింది. రెండు వందల మందికి పైగా పోయారు. అందులో అరవై మంది యాత్రికులు, నర్తకి ప్రోతిమా బేడీ వాళ్లలో ఒకరు. ఆ వారమంతా మా ఇంటి ఫోను మోగుతూనే ఉంది. 'మావాళ్లు ఏ జట్టు? ఇప్పుడెక్కడ ఉంటారు?' అని ఊళ్ల నుంచి. మాకు తెలిసింది జట్టు నంబరు, పేపర్లో వచ్చిన నాలుగు ముక్కలు. అంతకు మించి ఎవరికి మాత్రం ఏం తెలుసు?

ఇక సంసారం పెట్టడం. నిజంగా సంసారమే అది. సరిహద్దు దాటాక చైనా వాళ్లు బసా బండీ ఇస్తారు, వంట మనదే. కాబట్టి అందరూ తలా కొంత వేసి ఉమ్మడి సొమ్ము పోగుచేయాలి, దినుసులు కొనాలి, వంటవాళ్లను కుదుర్చుకోవాలి. ఎల్వో సాబ్ మా అందరినీ కింద కూర్చోబెట్టి కమిటీలు వేశారు. డబ్బుకొకటి, తిండికొకటి, సామానుకొకటి. తిండి కమిటీలో నేనూ, సూరత్ ఆవిడా. ఖారీ బావలీ బజార్లో, ఎండుమిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ, ఒక పూటంతా తిరిగాం. జైనులకు ఉల్లీ వెల్లుల్లీ పనికిరావు. బెంగాలీలకు అటుకులుంటే చాలు. మామికి చింతపండు లేనిదే ముద్ద దిగదు. సూరత్ ఆవిడ బేరం చేస్తుంటే కొట్టువాడు కుర్చీ వేశాడు. నా వంతుగా ఆంధ్రా భవన్‌లో భోంచేసి వస్తూ కందిపొడి పొట్లాలు కట్టించి తెచ్చాను. చివరికి సరిహద్దు అవతల తక్లాకోట్‌లో మొదట అయిపోయింది అదే. గుజరాతీలు కిచిడీలో కలుపుకుని తిన్నారు.

సామాను కమిటీ పని ఇంకా కష్టం. సంచులు కంచర గాడిదల మీద వెళతాయి, దారంతా వాన. బట్టలన్నీ ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, వాటిని మందపాటి ప్లాస్టిక్ బస్తాలో కుక్కి, తాడు బిగించి, పైన పేరూ జట్టు నంబరూ రంగుతో రాయాలి. తర్వాత తూకం. బరువు ఎక్కువైతే అందరి ఎదుటా మూట విప్పాల్సిందే. విశాఖ తమ్ముడు ఆ ముడులు వేయడంలో ఆరితేరాడు. వానకు తడవని ముడి అని అందరూ వాడి దగ్గరికే వచ్చేవాళ్లు.

సివిల్ లైన్స్ దాటి యమున వైపు వెళితే మజ్నూ కా టీలా, టిబెట్ శరణార్థుల కాలనీ. ఒక సాయంత్రం ఉన్ని మేజోళ్ల కోసం అక్కడికి వెళ్లాం. కొట్టులో ఒక ముసలావిడ జపమాల తిప్పుకుంటోంది. ఎక్కడికని అడిగితే చెప్పాం. ఆవిడ పుట్టింది తక్లాకోట్ లోయలోనేనట. టిబెటన్లు ఆ ఊరిని పురాంగ్ అంటారు. చిన్నప్పుడే తండ్రి భుజం మీద కొండ దాటి వచ్చేసింది. మా విదేశాంగ శాఖ సమావేశంలో దలైలామా బొమ్మలు, పుస్తకాలు వెంట తీసుకెళ్లవద్దని మరీ మరీ చెప్పారు. ఆవిడ కొట్టులో గోడ నిండా ఆ బొమ్మే. ఆవిడ మమ్మల్ని ఏమీ తెమ్మనలేదు. "ఊరి పక్కన నది వెంట బార్లీ చేలు ఉండేవి. ఉన్నాయేమో చూసి చెప్పండి" అంది హిందీలో. తన సొంత ఊరికి తను వెళ్లలేదు. దాని మొహమే ఎరగని గుంటూరు మాస్టారు, సూరత్ వ్యాపారి భార్య, నేనూ వెళుతున్నాం. ఆ రాత్రి హాల్లో చాలాసేపు ఈ మాటే మాట్లాడుకున్నాం.

బయల్దేరిన తెల్లవారుజామున దండలూ, శంఖాలూ. ఘజియాబాద్‌లో పాత యాత్రికులు బస్సాపి వేడివేడి పూరీలు పెట్టారు. కాఠ్‌గోదాం, అల్మోడా, ధార్‌చూలా. ఆ పైన నడక. గాలా దగ్గర నాలుగు వేల చిల్లర రాతిమెట్లు దిగడం, ఒక పక్క కొండ, ఒక పక్క కాళీ నది, మధ్య మనిషి పట్టేంత బాట. బూదీ, చియాలేఖ్ పూలలోయ, చెక్కడపు తలుపుల గర్బ్యాంగ్, గుంజీ. ఆ నడక గురించి చాలామంది బాగా రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఖారీ బావలీలో నాతో తుమ్మిన మనిషి కాలు జారితే చెయ్యి అందించడానికి నాకు ఆలోచన అక్కర్లేకపోయింది. ఢిల్లీలో ఆ రోజులు లేకపోతే అరవై మందిమి అరవై దారుల్లో నడిచేవాళ్లం.

నాభీఢాంగ్ నుంచి అర్ధరాత్రి దాటాక లేచి, టార్చి వెలుగులో ఒకరి మడమలు ఒకరు చూసుకుంటూ లిపులేఖ్ ఎక్కాం. తెల్లవారాక కనుమ మీద చైనా అధికారులు. తిరిగి వస్తున్న ముందు జట్టు అటు నుంచి ఎక్కి వచ్చింది. ఎండకు మొహాలు కమిలి నల్లబడ్డాయి, పెదాలు పగిలాయి, కళ్లు మెరుస్తున్నాయి. ఎవరో తెలియని తెలుగాయన నా చేతిలో ఊతకర్ర లేకపోవడం చూసి తనది ఇచ్చేసి, "దిగేటప్పుడు అవసరమవుతుందమ్మా" అని ఇటు దిగిపోయాడు. గడియారాలు రెండున్నర గంటలు ముందుకు తిప్పుకున్నాం. అంతే, పరాయి దేశం.

తక్లాకోట్‌లో మా అరవై మందికీ కలిపి వీసా ఒక్కటే. కాగితాల్లో పేర్లు, పేరు పక్కన అంకె. ఆ అంకెల వరసలోనే నిలబడాలి. ఒకరు లేకపోతే వెనకవాళ్లు కదలరు. నాది ఇరవై మూడు. ముందు ఇరవై రెండు మాస్టారు, వెనక ఇరవై నాలుగు కలకత్తా టీచరు. చైనా అధికారి, కుర్రవాడు, కాగితం చూసి మొహం చూసి వేలితో ముందుకు రమ్మంటున్నాడు. మా భాష వాడికి రాదు, వాడి భాష మాకు రాదు. ఎత్తుకు తల దిమ్ముగా ఉంది. మాస్టారు కాస్త తూలారు. వరస చెదరకూడదు కాబట్టి నేను వెనక నుంచి ఆయన వీపుకు చెయ్యి ఆనించి నిలబడ్డాను. నా వీపు మీద టీచరు చెయ్యి ఉందని కాసేపటికి తెలిసింది. అలా వెనక్కి చూస్తే వరసలో చాలామంది అలాగే ఉన్నారు.

రాత్రి తొమ్మిదైనా అక్కడ వెలుగే. ఢిల్లీ నుంచి మోసుకొచ్చిన దినుసులతో మా వంటవాళ్లు కిచిడీ వండారు. మర్నాడు ఊరు చూశాం. నేపాలీ వర్తకుల కొట్లు, వెడల్పాటి ఖాళీ రోడ్లు, దక్షిణాన కనిపించే మంచు కొండలు, ఉత్తరాన గుర్లా మాంధాత. ఊరి చివర కర్ణాలీ నది వెంట పచ్చగా బార్లీ చేలు, మధ్యలో బఠాణీ మళ్లు. తిరిగొచ్చాక మజ్నూ కా టీలాకు వెళ్లి ఆ సంగతి చెప్పాను. బఠాణీ మాట చెప్పగానే ఆవిడ జపమాల పక్కన పెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది.

2020 మేలో ధార్‌చూలా నుంచి లిపులేఖ్ దాకా రోడ్డు ప్రారంభమైంది. అదే ఏడాది కరోనాతో యాత్ర ఆగింది, ఆ తర్వాత సరిహద్దు గొడవలు. ఇందిరాపురంలో పెద్ద కైలాస మానస సరోవర భవనం 2020 డిసెంబరులో తెరిచారు, యాత్రేమో లేదు. మళ్లీ మొదలైంది 2025లోనే. ఆ ఏడాది యాభై మంది చొప్పున లిపులేఖ్ మీదుగా అయిదు జట్లు, 2015లో తెరిచిన నాథూ లా మీదుగా పది. రోడ్డు పడినందుకు నాకు సంతోషమే. గర్బ్యాంగ్, గుంజీ ఊళ్లలో కాన్పు కష్టమైన ఆడదాన్ని ఆ మెట్ల మీదుగా మోసుకెళ్లాల్సి వచ్చేది. మన పుణ్యం కోసం వాళ్లకు దారి వద్దనడం పాపం. అయినా లోపల ఒక వెలితి ఉంది, ఎందుకు దాచడం? మా ఆడపడుచు కొడుకు ఈ మధ్యే ఆ దారిన వెళ్లొచ్చాడు. చియాలేఖ్‌లో పూలు ఎలా ఉన్నాయిరా అని అడిగితే "బండి ఆపలేదత్తయ్యా" అన్నాడు. జట్టులో ఎవరెవరున్నారని అడిగితే ఫోన్లో గ్రూపు తీసి చూపించాడు.

మా జట్టులో మాత్రం ఇప్పటికీ ఒకరినొకరం అంకెలతోనే పిలుచుకుంటాం. ఇరవై నాలుగు కలకత్తా నుంచి నెలకోసారి ఫోన్ చేస్తుంది. సూరత్ నలభై ఒకటి మనవరాలికి పెళ్లి కుదిరింది, నవంబరులో ముహూర్తం. విశాఖ తమ్ముడు టికెట్లు తీస్తానన్నాడు. మాస్టారి అబ్బాయి కూడా వస్తున్నాడు. నాన్నగారి తరఫున ఇరవై రెండు నేనే అన్నాడు.